చేపల చుట్టరికములు – ఒక తెలుగు పేరు కథ
(మన సంఘము విద్యార్థి బహుమతి సభలో చేసిన ప్రసంగపాఠము)



మేము వలనూలు, తాళ్ళు, బెండ్లు, సీసపు గుండ్లు అమ్ము వర్తకులము. మెట్రిక్యులేషనుతో మా చదువు ఆగినది. విజ్ఞాన విషయముపై నాలుగు మాటలు చెప్పుడని కార్యవర్గమువారు కోరినపుడు, మాకు పరిచయమున్న సరకు నుండియే మొదలిడుట మేలని తోచినది. మా అంగడికి వచ్చువారందరును చేపలు పట్టువారే. కావున చేపలను గూర్చియే చెప్పుదుము. అయితే ధరను గూర్చి గాని, రుచిని గూర్చి గాని కాదు. ఏ చేపకు ఏ చేప చుట్టము, ఆ చుట్టరికమును పండితులు ఏ సాక్ష్యములతో నిర్ణయింతురు అనునదే నేటి విషయము.

ఈ విషయములో మన తెలుగువారి పేరొకటి చిక్కుకొని యున్నది. విశాఖపట్టణపు బెస్తల నోట పుట్టిన ఆ పేరు 2017లో చెల్లని పేర్ల పట్టీలో చేరినది. 2020లో మరల చెల్లుబాటునకు వచ్చినది. ఆ రాకపోకలకు కారణము మన భాషపై ద్వేషమును కాదు, ప్రేమయు కాదు. చేపల వంశమును విచారించు పద్ధతియే కారణము. ఆ పద్ధతి మనకు తెలిసినచో కథ తానే తెలియును.

విశాఖపట్టణములో రసెల్ దొర

పాట్రిక్ రసెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు 1780వ దశాబ్దమున మన తీరమునకు వచ్చి, ఈస్టిండియా కంపెనీవారికి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. మన రక్తపింజరి పామునకు ఇంగ్లీషులో ఈయన పేరే పెట్టబడినది. పాములపై ఆయన వ్రాసిన గ్రంథము మొదటి సంపుటము 1796లో వెలువడినది. 1803లో లండనునుండి మరియొక గ్రంథము రెండు సంపుటములుగా వచ్చినది. విశాఖపట్టణములో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలును, చిత్రములును అందు కలవు.

ఈ గ్రంథములోని విశేషము వినుడు. రసెల్ చాల చేపలకు లాటిన్ పేర్లు పెట్టలేదు. తీరమున జనులు ఏమని పిలుచుచున్నారో విని, తన చెవికి తోచినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. మనవారు కానగంతలని, కానాగుర్తలని పిలుచు చేపను ఆయన ‘కనగుర్త’ అని వ్రాసెను. ఫ్రాన్సు దేశపు మహాపండితుడు కువియే ఆ మాటనే తీసికొని 1816లో ఆ చేపకు శాస్త్రనామము చేసెను. నేడు ప్రపంచమంతటను ఆ చేప శాస్త్రనామము రాస్ట్రెల్లిగర్ కనగుర్త. జపానువాడు వ్రాసినను, బ్రెజిలువాడు వ్రాసినను కనగుర్త అనియే వ్రాయవలెను.

మనము టేకు చేపలని పిలుచు చదునైన చేపలకు రసెల్ వ్రాసిన పేర్లలో ‘టెంకీ’ అను మాట పలుమార్లు కానవచ్చును. వానిలో ఒకటి ‘ఎరెగూడు టెంకీ’. నేటి మన కథానాయకుడు ఈ చేపయే. తలకు ఇరుప్రక్కల కొమ్ములవలె ముందుకు సాగిన రెక్కలుండుటచేత ఇంగ్లీషువారు ఈ కుటుంబపు చేపలను దయ్యపు టేకులని పిలిచిరి. పాపము, ఆ కొమ్ములతో అవి ఎవ్వరిని పొడవవు. నీటిలోని సూక్ష్మజీవులను నోటిలోనికి మళ్ళించుకొనుటకే ఆ కొమ్ములు.

ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక

శాస్త్రనామములో రెండు మాటలుండును. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. స్వీడను దేశపు లినేయస్ 1758లో ప్రకటించిన గ్రంథమునుండి జంతువులకు ఈ పద్ధతి లెక్కకు వచ్చినది. ఇది మనకు కొత్త కాదు. తెలుగువారు ఇంటిపేరు ముందు చెప్పి, సొంతపేరు వెనుక చెప్పుదురు గదా! చేపల పేర్లును అట్లే. రాస్ట్రెల్లిగర్ ఇంటిపేరు, కనగుర్త సొంతపేరు. ఒకే ఇంటిపేరు గలవి దగ్గరి జ్ఞాతులని శాస్త్రజ్ఞులు చెప్పినట్లు.

అయితే ఒక భేదము కలదు. మన ఇంటిపేర్లు తండ్రులు చెప్పగా వినినవి. చేపకు ఇంటిపేరు చెప్పు తండ్రి లేడు. పండితుడే విచారించి పెట్టవలెను. విచారణ తప్పినచో ఇంటిపేరును తప్పును. కొత్త సాక్ష్యము దొరికినపుడు పేరు మార్చవలసి వచ్చును. పేర్లను మాటిమాటికి మార్చుచున్నారేమని కొందరు విసుగుకొందురు. కాని తప్పుడు పద్దు కనబడిన పిమ్మట దానిని దిద్దక అట్లే మోసికొనిపోవు గుమాస్తాను మనము మెచ్చుకొనము గదా!

మొదటి సాక్షి – శరీర నిర్మాణము

చూపునకు ఒకేవిధముగా నున్నవి చుట్టములనుకొనుట సహజము. కాని చూపు మోసగించును. టేకు చేప చదునుగా నుండును. సోల్ అని అంగళ్ళలో పిలువబడు చేపయు చదునుగనే యుండును. రెండును అడుగున ఇసుకలో అంటుకొని పడియుండగలవు. వీనిని ప్రక్కప్రక్కన పెట్టి చూపినచో అన్నదమ్ములని ఎవరైన అందురు.

ఇప్పుడు కత్తితో కోసి చూడుడు. టేకునకు ఎముక లేదు. ఉన్నదంతయు మృదులాస్థి, అనగా మన చెవి డొప్పలో నుండు మెత్తని పదార్థము వంటిది. సోల్ చేపకు నిజమైన ఎముకలు కలవు. టేకు తన పొట్టపై పరుండును. మొప్పల చీలికలు క్రిందివైపున ఉండును. సోల్ చేప పొట్టపై కాదు, ప్రక్కకు ఒరిగి పరుండును. పిల్లగా నున్నపుడు దానికి ఇరుప్రక్కల ఒక్కొక్క కన్ను ఉండును. పెరుగు కొలది ఒక కన్ను తలమీదుగా జరిగి రెండవ ప్రక్కకు చేరును. ఒకడు బోర్లపడుకొన్నవాడు, ఒకడు ప్రక్కకు తిరిగి పడుకొన్నవాడు. పడుకొనుట ఒక్కటే పోలిక, వంశము వేరు. ఈ రెండు వంశములును విడిపోయి నలుబది కోట్ల సంవత్సరములు దాటినది.

కావున పోలికలను లెక్కించుట చాలదు, ఏ పోలిక ఎక్కడినుండి వచ్చినదో విచారింపవలెను. అవసరమువలన వేర్వేరుగా ఏర్పడిన పోలిక ఒకటి. పూర్వికునినుండి సంక్రమించిన పోలిక మరియొకటి. రెండవదే సాక్ష్యము. అందులోను, మిక్కిలి పాతకాలపు పోలిక పనికిరాదు. రెండు చేపలకు రెక్కలున్నవి గనుక అవి దగ్గరి చుట్టములనుట, ఇద్దరు మనుష్యులకు ముక్కులున్నవి గనుక వారు దాయాదులనుట వంటిది. ఒక శాఖలో మాత్రమే కొత్తగా పుట్టి, ఆ శాఖవారందరికి సంక్రమించిన లక్షణము దొరకవలెను.

రెండవ సాక్షి – జన్యువులు

జీవకణములో డి.ఎన్.ఏ. అను పొడవైన పదార్థము కలదు. దానిలో నాలుగు విధములైన రసాయన ‘అక్షరములు’ వరుసగా కూర్చబడి యుండును. తల్లిదండ్రులనుండి బిడ్డకు వెళ్ళునపుడు ఆ వ్రాతకు నకలు తీయబడును. నకలు తీయుటలో అప్పుడప్పుడు ఒక అక్షరము మారును. ఆ మార్పు తరువాతి తరములకు సంక్రమించును.

ఇది మన తాళపత్ర గ్రంథముల వంటిదే. ఒక కావ్యమునకు పది ప్రతులు దొరికినవనుకొనుడు. ఏ ప్రతిని చూచి ఏ ప్రతి వ్రాసిరో పరిష్కర్త ఎట్లు కనుగొనును? సరిగా నున్న పద్యములను పోల్చి లాభము లేదు. అవి అన్నింటను ఒక్కటే. లేఖకుల తప్పులను పోల్చవలెను. నాలుగు ప్రతులలో ఒకే చోట ఒకే తప్పు కనిపించినచో ఆ నాలుగింటికి మూలమైన ప్రతి ఒక్కటే అని తేలును. అందులో రెండింటికి మాత్రమే మరియొక తప్పు ఉమ్మడిగా నున్నచో ఆ రెండును మరింత దగ్గరివి. చేపల జన్యువులను చదువు పండితుడు చేయునదియు ఇదే. ఒక్క తప్పును నమ్మడు. వేలకొలది స్థానములలోని మార్పులను పోల్చి, అన్నింటికి పొసగు వంశవృక్షమును కట్టును.

ఈ రెండవ సాక్షి వచ్చి మొదటి సాక్షి మాటను సరిదిద్దిన ప్రసిద్ధమైన విచారణ ఒకటి కలదు. సీలకాంత్ అను చేప శిలాజములలో మాత్రమే కనిపించుచుండెను. అది ఆరున్నర కోట్ల సంవత్సరములకు పూర్వమే నశించినదని తలచిరి. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికా తీరమున ఒక పడవవారి వలలో అది పడినది. ఈస్ట్ లండను పట్టణపు మ్యూజియములో పనిచేయుచుండిన మార్జొరీ కోర్ట్నీ-లాటిమర్ దానిని గుర్తించి నిలిపెను. ప్రొఫెసర్ స్మిత్ 1939లో ఆమె పేరుమీద దానికి లాటిమేరియా అను ఇంటిపేరు పెట్టెను. దాని రెక్కలు కాళ్ళవలె కండగల కాడలపై నిలిచియుండును. కనుక కాళ్ళతో నేలపై నడచు జంతువులన్నింటికి ఈ చేపయే అతి దగ్గరి చుట్టమని అనేకులు తలచిరి. మరికొందరు కాదు, ఊపిరితిత్తులతో గాలి పీల్చు చేపలే దగ్గరివనిరి. శరీర నిర్మాణముతోనే ఆ వాదము తెగలేదు. 2013లో సీలకాంత్ జన్యురాశిని పూర్తిగా చదివి ప్రకటించినపుడు ఊపిరితిత్తుల చేపలే మనకు దగ్గరివని తేలినది.

దీనివలన వచ్చు ఫలితము వినినచో మీరు నవ్వుదురు. ఊపిరితిత్తుల చేపకు కానగంతకంటె ఆవు దగ్గరి చుట్టము. కానగంతకేమో టేకు చేపకంటె మనమే దగ్గరి చుట్టములము! నీటిలో నుండి రెక్కలతో ఈదుదానినెల్ల మనము చేప యనుచున్నాము. అది అంగడికి చాలిన మాట. వంశమునకు చాలదు.

ఇంటిపేరు పోగొట్టుకొన్న మహాకాయుడు

ఇప్పుడు దయ్యపు టేకుల యింటికి వత్తము. ఈ కుటుంబములో రెండిండ్లవారున్నారని చిరకాలము లెక్కించిరి. మొదటి ఇంటిపేరు మాంటా. ఇవి సముద్రములోని మహాకాయులు. ఒక రెక్క కొననుండి రెండవ రెక్క కొనకు ఏడు మీటర్ల వరకు వెడల్పు కలిగినవి ఇందులో కలవు. రెండవ ఇంటిపేరు మొబులా. ఇవి సామాన్యముగా చిన్నవి. వేరుచేయుటకు శరీర నిర్మాణ సాక్ష్యమును బలముగనే యుండెను. మాంటా నోరు తల ముందుభాగమున తెరచుకొనును; మొబులా నోరు కొంచెము క్రిందివైపునకుండును. మాంటాకు క్రిందిదవడకే పండ్లు. మొబులాకు రెండు దవడలకును కలవు.

2017లో విలియం వైట్, గావిన్ నేలర్ మొదలగు పండితులు ఈ కుటుంబపు చేపల జన్యువులను విరివిగా చదివి వంశవృక్షము గట్టిరి. మాంటాలు వేరింటివి కావనియు, మొబులాల నడుమనే పుట్టిన ఒక శాఖ యనియు తేలినది. కొన్ని మొబులాలు ఇతర మొబులాలకంటె మాంటాలకే దగ్గరి జ్ఞాతులైనవి. నోరు ముందుకు జరుగుటయు, పైపండ్లు పోవుటయు ఆ శాఖలో తరువాత కలిగిన మార్పులు. అన్నదమ్ములలో ఒకడు మిక్కిలి ఎత్తు పెరిగినంతమాత్రమున వాని ఇంటిపేరు మారదు గదా!

రెండిండ్లు ఒకటైనపుడు ఏ ఇంటిపేరు నిలువవలెను? మొదట ప్రకటింపబడినది నిలువవలెనని నియమము. మొబులా 1810 నాటిది; మాంటా 1829 నాటిది. కావున లోకమంతయు ఎరిగిన మాంటా అను పేరు శాస్త్రనామములనుండి తొలగి, ఆ మహాకాయములు మొబులాల యింటిలో చేరినవి. పేరుప్రతిష్ఠలు లెక్కకు రాలేదు. పద్దు తేదీయే లెక్కకు వచ్చినది.

ఎరెగూడు తొలగుట, తిరిగి వచ్చుట

ఆ 2017 విచారణలోనే మన ఎరెగూడు పేరునకును ముప్పు వచ్చినది. రసెల్ లాటిన్ పద్ధతిని పేరు పెట్టలేదని చెప్పితిమి. ఆయన మాటను పట్టుకొని తరువాతివారు శాస్త్రనామములు చేసిరి. కాంటర్ అనునాయన 1849లో ‘ఎరెగూడు’ అని మాత్రము తీసికొనెను. డచ్చి పండితుడు బ్లీకర్ 1859లో ‘ఎరెగూడుటెంకీ’ అని మొత్తము మాటను పెట్టెను. మొబులా ఎరెగూడుటెంకీ అను పేరు చాలకాలము వాడుకలో నిలిచినది.

ఈ చేపను పోలినది మరియొకటి కలదు. దాని పేరు మొబులా కూలియై. ఇది మన భాషలోని కూలివాడు కాదు. జావాలో చిన్నవయసుననే మరణించిన హైన్రిక్ కూల్ అను జర్మను పండితుని పేరు. రెండును చిన్నచేపలు, వెడల్పు సుమారు 130 సెంటీమీటర్లు. రెండును హిందూ మహాసముద్రమునను, పడమటి పసిఫిక్ సముద్రమునను తిరుగును. ఒకే పడవలో రెండును దిగవచ్చును. 2017లో పండితులు చదివిన జన్యుభాగములలో ఈ రెంటి నడుమ వేర్వేరు జాతులనుటకు చాలినంత ఎడము కానరాలేదు. కావున రెంటిని ఒకటిగా లెక్కించి, 1841 నాటి పాతపేరైన కూలియై నిలిపి, మన పేరును ప్రక్కన పెట్టిరి. వారికి దొరికిన సాక్ష్యమునుబట్టి వారు చేసినది అక్రమము కాదు.

కాని విచారణ అంతటితో ముగియలేదు. జుసెప్పె నోటార్బార్టోలో ది షారా అను ఇటలీ పండితుడును, అనేక దేశముల సహచరులును ఈ చేపల దేహములను మరల కొలిచిరి. ఎరెగూడునకు తలకొమ్ములు పొడవు; కూలియైకి పొట్టి. అట్టి భేదములు ఒకటి రెండు చేపలలో అకస్మాత్తుగా కనిపించినవి కాక, నిలకడగా కనిపించినవని చూపి, జన్యుసాక్ష్యమును దానికి జోడించి, 2020లో ఇవి రెండు వేర్వేరు జాతులేయని ప్రకటించిరి. అదే 2020లో జేన్ హోస్‌గుడ్ మొదలగువారు జన్యురాశి అంతటినుండి వేలకొలది స్థానములను పోల్చి చూచిరి. అందును ఈ రెండు చేపలు రెండు కొమ్మలుగనే విడివడినవి. ఇటీవల విడిపోయిన అన్నదమ్ముల నడుమ తప్పులు కొద్దిగనే పేరుకొనును గనుక, కొన్ని పుటలు చదివిన చాలదు; గ్రంథమంతయు తిరగవేయవలెనని దీనివలన తెలియుచున్నది.

పేరు తిరిగి వచ్చినపుడు నియమము మరల పనిచేసినది. 1859 నాటి ఎరెగూడుటెంకీ కంటె 1849 నాటి ఎరెగూడు పాతది. కావున నేడు ఆ చేప పేరు మొబులా ఎరెగూడు. ‘టెంకీ’ పోయినది, ‘ఎరెగూడు’ నిలిచినది.

ఇందువలన మనకేమి?

చేప ఒకటైననేమి, రెండైననేమి, కూరకు భేదమున్నదా అని మీలో కొందరు అనుకొనవచ్చును. వర్తకుని మాటగా జవాబు చెప్పుదుము. రెండు అంగళ్ళ లెక్కలు ఒకే ఖాతాలో వ్రాసినామనుకొనుడు. ఒక అంగడి లాభములో నున్నది, రెండవది దివాలా తీయుచున్నది. ఖాతాలో మొత్తము మాత్రము బాగుగనే కనిపించును. రెండవ అంగడికి తాళము పడిననాడుగాని మనకు తెలియదు. రెండు జాతుల చేపలను ఒక పేరుతో లెక్కించినచో జరుగునది ఇదియే. ఒకటి తరిగిపోవుచున్నను రెండవదాని లెక్క దానిని కప్పిపుచ్చును.

ఈ కుటుంబపు చేపలకు ఈ భయము మరింత ఎక్కువ. కానగంత లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. దయ్యపు టేకు అట్లు కాదు. అది గ్రుడ్లు విడువక పిల్లను కనును. సాధారణముగా ఒక ఈతకు ఒక్కటే పిల్ల. మాంటాలలో గర్భము ఇంచుమించు సంవత్సరము మోయును. అట్టి జాతి ఒకసారి తరిగినచో కోలుకొనుట కష్టము. పైగా వీని మొప్పల లోపలి జల్లెడ పలకలను ఎండబెట్టి, చైనాలో బలమునకు మందని అమ్ముదురు. అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందములో 2013లో మాంటాలను రెండవ పట్టికకు చేర్చిరి. తక్కిన మొబులాలను 2016లో చేర్చిరి. ఎండిన పలకను చూచి అది ఏ జాతిదో చెప్పుట కష్టము. డి.ఎన్.ఏ. పరీక్షయే అక్కడ నమ్మకమైన సాక్షి. ఆ పరీక్ష చెప్పు జవాబు పేరు రూపమున వచ్చును. ఆ పేరు వెనుక వంశవిచారణ సరిగా లేకున్నచో జవాబు ఎవరికి ఉపయోగము?

వలలు కొనువారితో నిత్యము మాటలాడు మాకు ఈ మాట బరువుగనే తోచుచున్నది. ఈ చేపలలో అనేకము ఇతర చేపలకై వేసిన వలలలో చిక్కునవే. జాలరికి అది కోరిన చేప కాదు. అయినను పడిన పిమ్మట అమ్మవలసినదే. అతని కడుపు కొట్టవలెనని మేము చెప్పము. కాని ఒడ్డునకు వచ్చినది ఏ జాతిది, ఎన్ని వచ్చినవి అను లెక్క సరిగా నుండుట అతనికిని మేలు. ఇరువది సంవత్సరముల పిమ్మట అతని కొడుకునకు సముద్రములో ఏమి మిగులునో ఆ లెక్కయే చెప్పును.

చిరంజీవులకు ఒక మాట

రసెల్ చెవికి ఆ పేర్లు చెప్పిన తెలుగు జాలరుల పేర్లు ఆ చేపల పేర్లలో నిలువలేదు. వారు పండితులు కారు. కాని కొమ్ముల టేకును తక్కిన టేకులనుండి వేరుచేసి దానికొక పేరు పెట్టినవారు వారే. శాస్త్రము దానిని తెలుగు మాట యని గౌరవించి నిలుపలేదు. వేరైన చేపకు మొదట ప్రకటింపబడిన పేరని నిలిపినది. మనము గర్వింపవలసినది చూచి వేరుచేయగలిగిన ఆ కన్నును గూర్చి.

గంజాం సీమ 1936లో ఒడిశాలో చేరక పూర్వము విశాఖపట్టణముతోపాటు మద్రాసు రాష్ట్రములోనిదే. గోపాలపురము మొదలు పూరీ వరకు నోలియాలని పిలువబడు జాలరులలో అనేకుల యింటి భాష నేటికిని తెలుగే. వాడబలిజల, జాలారుల వృద్ధుల నోట చేపల పేర్లు ఇంకను కలవు. ఒక్క టేకులోనే వారు ఎన్ని రకములు చెప్పుదురో ఎవరు వ్రాసికొనుచున్నారు? వారి మనుమలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుచున్నారు. అది మంచిదే, చదువవలసినదే. కాని ఈ పేర్లు ఏ పాఠ్యపుస్తకములోను లేవు. తాతతో పోవునవి తాతతోనే పోవును.

కనుక మీలో జీవశాస్త్రము చదువ దలచిన బాలబాలికలకు మా విన్నపము. సెలవులకు తీరమునకు వెళ్ళినపుడు ఒక నోటుపుస్తకము తీసికొనిపొండు. చేప పేరును తెలుగు లిపిలో, పలికినది పలికినట్లు వ్రాయుడు. ఏ ఊరు, ఏ నెల, ఏ వల అనునవి ప్రక్కన చేర్చుడు. నోరెక్కడ నున్నది, పండ్లు ఏ దవడకున్నవి, కొమ్ము ఎంత పొడవు అని చూచి చిత్రము గీయుడు. రెండు పేర్లు ఒకే చేపవని గాని, రెండు చేపలకు ఒకే పేరని గాని తొందరపడి తీర్మానింపకుడు. పెద్దలను మరల అడుగుడు. అట్టి పుస్తకములు తెచ్చినవారి వ్రాతలను మన పత్రికలో వరుసగా ప్రకటించుటకు కార్యవర్గమువారు అంగీకరించిరి. పుస్తకములును, కలములును మా అంగడినుండి ఉచితముగా ఇచ్చెదము.